పాఠకుల ప్రశ్నలు, జవాబులు: కార్డు చేతికొచ్చిన డైవర్ మళ్లీ ఎందుకు రావడం లేదు?

గత సంచికలో వినోదం కోసం చేసే స్కూబా డైవింగ్ గురించి వచ్చిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో సముద్రం అడుగున కనిపించే వింతల గురించి అడిగినవారు తక్కువ. ఆ సముద్రాన్ని నమ్ముకుని బతికే డైవ్ సెంటర్లు, పరికరాల దుకాణాలు, శిక్షకులు పడుతున్న ఇబ్బందుల గురించి అడిగినవారే ఎక్కువ. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. చాలా ఏళ్లు డైవ్ సెంటర్ నడిపిన అనుభవంతో రాస్తున్న మాటలివి.

ప్రశ్న: ఉద్యోగం చేసి కొంత సొమ్ము కూడబెట్టుకున్నాను, ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కూడా సంపాదించాను. సొంతంగా డైవ్ సెంటర్ పెట్టాలని ఉంది. కోర్సుల రుసుములు చూస్తే బాగానే మిగిలేటట్టు కనిపిస్తోంది గానీ, ఈ రంగంలో ఉన్నవారు మాత్రం వద్దంటున్నారు. వచ్చిన డబ్బంతా ఎక్కడికి పోతోంది?

జవాబు: డైవింగ్‌కు ఎవరూ రాని రోజున కూడా ఆగని ఖర్చుల్లోకి పోతోందండీ. పడవ అద్దె, సిబ్బంది జీతాలు, బీమా, అనుమతుల రుసుములు, సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ మరమ్మతులు, ఉప్పునీటికి తుప్పుపట్టే సామాను మార్పిడి, వీటిలో ఏదీ వచ్చిన జనాన్ని బట్టి తగ్గేది కాదు. ఆదాయానికి మాత్రం రుతువుల లెక్క ఉంది. థాయిలాండ్‌లోని సిమిలాన్ దీవుల జాతీయ ఉద్యానాన్ని ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసివేస్తారు. అక్కడికి పడవలు నడిపేవారు ఏడు నెలల సంపాదనతో పన్నెండు నెలలు గడపాలి. అలాంటి మూసివేత లేని చోట కూడా గాలివాన వస్తే పడవ కదలదు, నీరు బురదగా ఉంటే వచ్చినవారు తృప్తిపడరు.

కంప్రెసర్ గది సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాపారపు అసలు స్వభావం అక్కడే బోధపడుతుంది. గాలిని దాదాపు 200 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు) ఒత్తిడికి నొక్కి సిలిండర్‌లో నింపేటప్పుడు అందులోని తేమ, నూనె ఆవిరి విడిపోతాయి. కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ కాసేపటికొకసారి కింది కవాటం తిప్పితే, బుస్సుమంటూ తెల్లటి జిడ్డునీరు బయటికి వస్తుంది. యంత్రం ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో రాసి, ఆ లెక్క ప్రకారం ఫిల్టర్ మార్చాలి. వేడిగా, ఉక్కగా ఉండే చోట ఆ ఫిల్టర్ చల్లని చోట పనిచేసినన్ని గంటలు పనిచేయదు. యంత్రపు నూనె అతిగా వేడెక్కినా, పక్కనున్న ఇంజను పొగ గాలి తీసుకునే గొట్టంలోకి చేరినా, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్‌లోకి ఎక్కుతుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలు. ఒడ్డున పీల్చినప్పుడు పెద్దగా తెలియని మోతాదు ఆ లోతులో మనిషిని స్పృహ తప్పించగలదు.

ఇంత జాగ్రత్తా కొనేవారి కంటికి కనపడదు. వేళకు ఫిల్టర్ మార్చే సెంటర్‌లోనూ, ఇంకో నెల లాగించుదామనుకునే సెంటర్‌లోనూ సిలిండర్ ఒకేలా ఉంటుంది, శిక్షణ చివర్లో ఇచ్చే అర్హత కార్డు కూడా ఒకటే. అయిదు రోజులు తీరిగ్గా నేర్పేవారికీ, మూడు రోజుల్లో ముగించేవారికీ మధ్య కొత్తగా వచ్చినవారికి కనిపించే తేడా ధర ఒక్కటే కనుక, అందరూ ధర తగ్గించుకుంటూ పోయారు. చివరికి మొదటి కోర్సును లాభం లేకుండా, కొన్నిచోట్ల నష్టానికి కూడా ఇచ్చి, ఆ తరువాతి కోర్సుల్లోనో పరికరాల అమ్మకంలోనో ఆ సొమ్ము రాబట్టుకోవాలని చూసే పద్ధతి పాతుకుపోయింది. ఆ విద్యార్థి మళ్లీ వస్తేనే ఈ లెక్క కుదురుతుంది. రాకపోవడమే ఈ రంగానికి పట్టిన అసలు జబ్బు అని నా గట్టి నమ్మకం.

మీకు సెంటర్ పెట్టవద్దని చెప్పను. ఒక సీజన్ మొత్తం ఎవరూ రాకపోయినా జీతాలు, బీమా కట్టగలిగే సొమ్ము పక్కన పెట్టుకున్నాకే పడవ కొనండి. అప్పు చేసి పడవ కొన్నవారే వాతావరణం బాగాలేని రోజున జనాన్ని సముద్రంలోకి తీసుకువెళ్లడానికి ఆరాటపడతారు. అలాంటి పడవలను నేను చూశాను.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు పూర్తిచేశాను. ఆ నాలుగు డైవ్‌లు నా జీవితంలో మరచిపోలేనివి. కానీ ఆ తరువాత ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగలేదు. ఇప్పుడు వెళ్లాలంటే భయంగానూ, అడగాలంటే సిగ్గుగానూ ఉంది. నాలాంటివారు చాలామంది ఉంటారా? తప్పు నాదేనా?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. తప్పు మీది కాదు, మీకు నేర్పిన మాది. ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1943లో ఫ్రాన్స్‌లో జాక్ ఈవ్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గన్యాఁ కలిసి, పీల్చినప్పుడే గాలినిచ్చే రెగ్యులేటర్‌ను తయారుచేశాక సామాన్యుడికి సముద్రపు లోపలి దారి తెరుచుకుంది. 1966లో అమెరికాలో పరికరాల అమ్మకాల్లో పనిచేస్తున్న జాన్ క్రోనిన్, బోధకుడు రాల్ఫ్ ఎరిక్సన్ కలిసి పాడి అనే శిక్షణ సంస్థను స్థాపించారు. శిక్షణను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక కార్డు ఇచ్చే ఈ పద్ధతి డైవింగ్‌ను సైనికుల తరహా కఠోర శిక్షణ నుంచి తప్పించి మామూలు కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది. అది నిజంగా గొప్ప మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఆ పద్ధతిలో శిక్షణ సంస్థకు వచ్చే ఆదాయం ఇచ్చిన కార్డులను బట్టి ఉంటుంది గానీ, కార్డు తీసుకున్న మనిషి ఆ తరువాత ఎన్నిసార్లు నీళ్లలోకి దిగాడన్నదాన్ని బట్టి ఉండదు. అందుకే ఈ రంగం కార్డులను లెక్కపెట్టడం నేర్చుకుంది, డైవర్లను లెక్కపెట్టడం నేర్చుకోలేదు. ఒకే మనిషి దగ్గర అయిదు కార్డులు ఉండవచ్చు. కార్డు ఉన్న మనిషి పదేళ్లుగా సముద్రం ముఖం చూడకపోవచ్చు. పాడి ఒక్కటే ఇప్పటిదాకా కోట్ల సంఖ్యలో సర్టిఫికెట్లు ఇచ్చింది, కానీ ఆ సంఖ్య చూసి ప్రపంచంలో అన్ని కోట్ల మంది డైవర్లు ఉన్నారనుకుని పెట్టుబడి పెట్టినవారు దెబ్బతిన్నారు.

ఒకసారి మా పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. పేజీల తరబడి ఒక్కసారే కనిపించి, మళ్లీ కనపడని పేర్లు. వాటిలో కొన్నింటికి ముఖాలు కూడా గుర్తొచ్చాయి. ఒకరిద్దరికి ఫోన్ చేస్తే, మీరు రాసినట్లే, "మరచిపోయానేమోనని భయం, మళ్లీ మొదటి నుంచీ నేర్పమంటే ఏమనుకుంటారోనని సిగ్గు" అన్నారు. వారిలో ఎవరూ డైవింగ్ మీద ఇష్టం పోయి మానలేదు. తోడు వచ్చేవారు లేక, మొదటి నాలుగు డైవ్‌ల తరువాత ఎక్కడికి, ఎవరితో వెళ్లాలో చెప్పేవారు లేక ఆగిపోయారు.

ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల దాకా తోడుతో కలిసి దిగడానికి అర్హత ఇస్తుంది. కానీ ఆ నాలుగు డైవ్‌లలోనూ విద్యార్థి మనసంతా మాస్కులోకి నీరు వస్తే ఎలా తీయాలి, చెవుల్లో ఒత్తిడి ఎలా సరిచేసుకోవాలి అన్నదాని మీదే ఉంటుంది. చేపలను నింపాదిగా చూసే ఆనందం, తేలకుండా మునగకుండా నీటి మధ్యలో నిలిచే హాయి ఆ తరువాతి పదిపదిహేను డైవ్‌లలో గానీ అందదు. ఆ హాయి రుచి చూడకముందే మేము మీ చేతిలో కార్డు పెట్టి, అభినందనలు చెప్పి, పై కోర్సు కాగితం అందించాం. చదవడం అప్పుడప్పుడే వచ్చిన పిల్లవాడికి కథల పుస్తకం ఇవ్వకుండా పై తరగతి వ్యాకరణం ఇచ్చినట్లయింది.

మీరు చేయవలసింది ఇది. మీకు అందుబాటులో ఉన్న సెంటర్‌కు వెళ్లి, నాలుగేళ్ల విరామం వచ్చిందని దాచకుండా చెప్పి, పునశ్చరణ తరగతి అడగండి. ఈత కొలనులోనో లోతులేని నీటిలోనో ఒక పూట సాధన చేయిస్తారు. మొదటి డైవ్‌కు మీతో ఎంతమంది ఉంటారో అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే చోటికి వెళ్లవద్దు.

ప్రశ్న: నేను ఇన్‌స్ట్రక్టర్‌ను. సిలిండర్లు మోయడం, పడవ కడగడం, విద్యార్థులకు నేర్పడం అన్నీ చేస్తున్నాను. జీతం లేదు, ఒక్కో విద్యార్థికి ఇంతని ఇస్తారు. ఇది ఇష్టంతో చేసే పని కనుక సర్దుకోవాలని యజమాని అంటారు. ఎక్కడైనా ఇంతేనా?

జవాబు: చాలాచోట్ల ఇంతే, అలా ఉండకూడదు. ఇష్టాన్ని జీతంలో కోత వేసుకోవడానికి వాడుకోవడం ఈ రంగం చేస్తున్న పెద్ద పొరపాట్లలో ఒకటి. దీని వెనుక ఒక ఆర్థిక కారణం ఉంది. విద్యార్థులకు నేర్పే కోర్సుల్లో ధరలు పడిపోయాక, ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే కోర్సుల్లో మిగులు ఎక్కువని చాలా సెంటర్లు గ్రహించాయి. దాంతో పని ఉన్నదానికంటే ఎక్కువమంది ఇన్‌స్ట్రక్టర్లు తయారయ్యారు, సముద్రం పక్కన ఒక సీజన్ గడిపితే చాలనుకునే యువత తక్కువ డబ్బుకు ఒప్పుకుంటోంది, అనుభవం పండే వేళకు మీలాంటివారు వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు.

అలా పోయేది మనుషులతో పాటు భద్రత కూడా. పాడి ప్రమాణాల్లో ఓపెన్ వాటర్ డైవ్‌లకు ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు గరిష్ఠంగా ఎనిమిది మంది విద్యార్థులు అని ఉంది. నీరు మసకగా ఉంటే, విద్యార్థుల్లో కంగారుపడేవారు ఉంటే ఆ సంఖ్యను తగ్గించుకోవలసిన బాధ్యత ఇన్‌స్ట్రక్టర్‌దే. తల లెక్కన డబ్బు తీసుకునే మనిషి ఎనిమిదిని నాలుగు చేయాలంటే తన కూలి సగం వదులుకోవాలి. అలాంటి పరీక్ష ఎవరికీ పెట్టకూడదు. మీ యజమానితో మాట్లాడేటప్పుడు రోజు లెక్కన జీతం అడగండి, అడగడానికి ఇదే కారణమని స్పష్టంగా చెప్పండి.

వేగంగా ముగించిన శిక్షణ ఎలా బయటపడుతుందో ఒక్క సంగతి చెబుతాను. వేరేచోట కార్డు తీసుకుని మా పడవ ఎక్కిన ఒకాయన, తన సామాను తానే అమర్చుకుంటానని మర్యాదగానే చెప్పి, రెగ్యులేటర్ మొదటి దశను, అంటే సిలిండర్‌కు బిగించే భాగాన్ని, సిలిండర్ కవాటానికి వెనుకవైపు తిప్పి బిగించారు. నోట్లో పెట్టుకునే గొట్టం కుడి భుజం మీదుగా రావలసింది ఎడమ పక్కకు వచ్చింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని, ఎందుకు అందడం లేదా అన్నట్లు రెండుసార్లు లాగి చూశారు. నేను పక్కన కూర్చుని విప్పి మళ్లీ బిగిస్తుంటే, కోర్సులో సామాను అంతా సిబ్బందే అమర్చి ఇచ్చారని నెమ్మదిగా చెప్పారు. ఆయన సర్టిఫికెట్‌లో ఏ లోపమూ లేదు. డైవర్ల భద్రతా సంస్థ డాన్ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 మరణాలను పరిశీలించినప్పుడు, ప్రమాదానికి మొదటి కారణాన్ని గుర్తించగలిగిన వాటిలో 41 శాతం కేసుల్లో అది గాలి చాలకపోవడమేనని తేలింది. గాలి ఎంత మిగిలిందో గేజీలో చూసుకోవడం మొదటి రోజే నేర్పే పాఠం. నేర్పడం వేరు, అలవాటు అయ్యేదాకా వెంట ఉండటం వేరు. వెంట ఉండటానికి పట్టే వేళకే ఎవరూ డబ్బు కట్టడం లేదు.

ప్రశ్న: మాది డైవింగ్ పరికరాల దుకాణం. జనం వచ్చి మాస్కులు, కాళ్లకు వేసుకునే రెక్కలు, జాకెట్లు అన్నీ తొడిగి చూసి, కొలతలు రాసుకుని, ఇంటికి వెళ్లి ఆన్‌లైన్‌లో కొంటున్నారు. ఎలా తట్టుకోవాలి?

జవాబు: ధరలో ఆన్‌లైన్‌తో పోటీపడి గెలవలేరు, ఆ ప్రయత్నం మానండి. రెగ్యులేటర్‌ను మాత్రం ఎవరో ఒకరు విప్పి, శుభ్రం చేసి, అరిగిన రబ్బరు వలయాలు మార్చి, ఒత్తిడి సరిచూసి ఇవ్వాలి. ఆ పని తపాలాలో రాదు. తయారీదారుల శిక్షణ పొందిన ఒక మెకానిక్‌ను పెట్టుకుని, ఎక్కడ కొన్న సామాను అయినా ముఖం చిట్లించకుండా సర్వీసు చేయండి. ఆన్‌లైన్‌లో కొన్నాడని కొనుగోలుదారును కసిరిన దుకాణాలకు అతను సర్వీసుకు కూడా రాడు. మాస్కు, రెక్కల జోళ్లు ముఖానికీ పాదానికీ సరిపోవాలి కనుక వాటిని మాత్రం ఎప్పుడూ నిల్వ ఉంచండి. లోతు, సమయం లెక్కగట్టి చూపే ఖరీదైన డైవ్ కంప్యూటర్లను అరలో పెట్టి పెట్టుబడిని బందీ చేసుకోకండి, అద్దెకు ఇవ్వండి.

ప్రశ్న: వారం రోజులు సముద్రంలోనే ఉండే లివ్‌అబోర్డ్ పడవలకు బీమా దొరకడం కష్టమైందని విన్నాను. కారణమేమిటి?

జవాబు: వరుస ప్రమాదాలు. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తెల్లవారుజామున కాలిపోయి, కింది అరల్లో నిద్రపోతున్న 34 మంది మరణించారు. రాత్రి కాపలా తిరిగే మనిషిని పెట్టకపోవడం వల్ల మంటలు వ్యాపించేదాకా ఎవరికీ తెలియలేదని దర్యాప్తులో తేలింది. కెప్టెన్‌కు 2024లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. 2024 నవంబరు 25న ఎర్రసముద్రంలో సీ స్టోరీ పడవ మునిగి పలువురు చనిపోయారు. ఇలాంటివి జరిగాక బీమా సంస్థలు ఎక్కువ రుసుము అడగడంలో ఆశ్చర్యం లేదు.

నిజానికి రాత్రంతా మెలకువగా తిరిగే ఒక మనిషి జీతం, పడకల గది నుంచి బయటికి నిజంగా పనికొచ్చే రెండో దారి, లిథియం బ్యాటరీలను పడకల దగ్గర ఛార్జింగ్ పెట్టనివ్వకపోవడం, ఇవి ఆ వ్యాపారంలో భరించలేని ఖర్చులు కావు. పడవ ఎక్కగానే రెండో దారి ఎక్కడ ఉందో చూపించమని అడిగి, దానిలోంచి ఒకసారి బయటికి వచ్చి చూడండి.

ప్రశ్న: పగడాలే తెల్లబడి చచ్చిపోతుంటే ఈ వ్యాపారం ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది?

జవాబు: ఈ ప్రశ్నకు గుండె రాయి చేసుకుని జవాబు రాస్తున్నాను. 1998, 2010, 2014–17 తరువాత నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్ 15న శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2023 మొదలు ఆ విడతలో ప్రపంచ పగడపు దిబ్బల్లో 80 శాతానికి పైగా విస్తీర్ణం, పగడాలు తెల్లబడేంత వేడికి గురైంది. ఒక డైవ్ సెంటర్ యజమాని సముద్రపు వేడిని తగ్గించలేడు. కానీ వేడి దెబ్బ తిన్న దిబ్బ తిరిగి కోలుకునే లోపు లంగరు వేసి విరగ్గొట్టకుండా ఉండగలడు, కొత్తవారి రెక్కలు పగడాలకు తగలకుండా చూడగలడు, రోజుకు ఇంతమందే అని గిరి గీసుకోగలడు. మలేసియాలోని సిపడాన్ దీవి మీద ఉన్న విడిది గృహాలను 2004 కల్లా ఖాళీ చేయించి, రోజుకు కొందరికే అనుమతి పత్రాలు ఇస్తున్నారు. అప్పట్లో వ్యాపారానికి అది పెద్ద దెబ్బే. ఆ పరిమితి వల్లే ఇవాళ అక్కడి అనుమతి పత్రానికి అంత గిరాకీ ఉంది.

బతికి ఉన్న జీవి విలువ ఎంతో పసిఫిక్ మహాసముద్రంలోని పలావ్ దేశం చూపించింది. 2009లో తన జలాలను సొరచేపలకు అభయారణ్యంగా ప్రకటించింది. తరువాత వచ్చిన ఒక అధ్యయనం, తరచుగా డైవర్లకు కనిపించే ఒక సొరచేప తన జీవితకాలంలో పర్యాటకం ద్వారా 19 లక్షల డాలర్లు తెస్తుందనీ, చంపి రెక్కలు అమ్మితే వచ్చేది 108 డాలర్లేననీ లెక్కగట్టింది. ఈ లెక్కను మత్స్యకారుల దగ్గరికి పట్టుకెళ్లి చదివి వినిపిస్తే సరిపోదు. ఆ 19 లక్షల్లో వారి ఇంటికి ఎంత చేరుతుందో చూపించాలి. పడవ నడిపేవారిని, సిబ్బందిని ఆ ఊళ్లవారి నుంచే తీసుకున్న సెంటర్ల చుట్టూ సముద్రం భద్రంగా ఉండటం నేను స్వయంగా చూశాను.

పగడాల మీదే ఆధారపడకుండా మునిగిన ఓడలు చూపించే దారి కూడా ఉంది. 2006లో అమెరికా ఫ్లోరిడా తీరంలో ఒరిస్కనీ అనే పాత విమాన వాహక నౌకను శుభ్రపరిచి కావాలనే ముంచారు, ఇప్పుడు దాన్ని చూడటానికే డైవర్లు వెళుతున్నారు. అయితే ఓడ పగడపు దిబ్బ కాదు. మొదటిసారి నీళ్లలోకి దిగినవారిని జీవితాంతం పట్టి ఉంచేది రంగురంగుల పగడాల మీద పడే వెలుతురే.

ప్రశ్న: వయసు మీదపడింది, సెంటర్ అమ్మేద్దామనుకుంటున్నాను. కొనేవారు పడవకూ కంప్రెసర్‌కూ తప్ప దేనికీ వెల కట్టడం లేదు. ఇన్నేళ్ల పేరుకు విలువ లేదా?

జవాబు: ఉంది, కానీ అది కాగితం మీద కనిపించాలి. కంప్రెసర్ నడిచిన గంటల పుస్తకం, ఫిల్టర్లు మార్చిన తేదీలు, గాలి పరీక్షల నివేదికలు, ప్రతి సిలిండర్ భుజం మీద ముద్రించిన ఒత్తిడి పరీక్ష తేదీ, ఇవన్నీ వరుసగా ఉంటే కొనేవాడికి మీ పనితనం మీద నమ్మకం కుదురుతుంది. అంతకంటే ముఖ్యమైనది మీ విద్యార్థుల జాబితా. పేర్లు వేల సంఖ్యలో ఉన్నాయని చెబితే ఎవరూ లెక్కచేయరు. వారిలో రెండోసారి, మూడోసారి వచ్చినవారెందరో విడిగా తీసి చూపండి. ఆ సంఖ్య చిన్నదిగా ఉంటే అమ్మకాన్ని ఒక సీజన్ వాయిదా వేసి, పాత పేర్లకు ఒక్కొక్కరికీ మీరే స్వయంగా ఫోన్ చేసి, పునశ్చరణకు రమ్మని పిలవండి. పై రెండో ప్రశ్న రాసినవారి లాంటివారు మీ రిజిస్టర్‌లో కూడా తప్పకుండా ఉంటారు, వారు మీ పిలుపు కోసమే ఎదురుచూస్తూ ఉండవచ్చు.